మొదటిది తీసి రెండోది

ఆ మధ్యాహ్నం సిబ్బంది గదిలో ఉన్నవాళ్ళు: మా విభాగాధిపతి, ఇద్దరు సీనియర్ లెక్చరర్లు, ల్యాబ్ అసిస్టెంటు, నేను. బల్ల మీద ఉన్నవి: విశ్వవిద్యాలయం పంపిన సిలబస్ పుస్తకం, స్పైరల్ బైండింగ్ చేసిన ల్యాబ్ మాన్యువల్, విభాగాధిపతిగారి స్టీలు ఫ్లాస్కు, విప్పిన మిక్స్చర్ పొట్లం, చీటీలున్న ఒక బిస్కెట్ డబ్బా.

చీటీల సంగతి ముందు చెప్పాలి. మొదటి సంవత్సరం కంప్యూటర్ ల్యాబ్‌లో పన్నెండు ప్రోగ్రాములు ఉండేవి. విద్యార్థులు వాటిని మాన్యువల్ చూసి టైపు చేసేవాళ్ళు, రికార్డులో రాసి సంతకం పెట్టించుకునేవాళ్ళు. పరీక్ష రోజు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీయాలి. దాని మీద ఏ నంబరు ఉంటే ఆ ప్రోగ్రాము, కాగితం ముక్క కూడా చూడకుండా రాయాలి. చీటీ తీసినవాడి మొహం చూస్తే నంబరు చెప్పొచ్చు. రెండోది వస్తే నవ్వు. ఏడోది వస్తే మొహం నల్లబడేది. ఏడోది అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పేర్చే ప్రోగ్రాము, అన్నిటికన్నా పొడుగు.

సమావేశానికి కారణం నేను. ముందు వారం ల్యాబ్‌లో ఒక కుర్రాడు పది అంకెల మొత్తం చెప్పే ప్రోగ్రాము చక్కగా రాసి, నడిపి చూపించాడు. పదిహేను అంకెలకి చెయ్యమన్నాను.

"గది మాన్యువల్ల లేదు గద సార్."

"లేకపోయినా చెయ్యి. ఎక్కడ మార్చాలో చూడు."

"లేనిది రాస్తే పరీక్షల మార్కులు కట్ చేస్తరు సార్. మీరు మంచోళ్ళే, కరెక్షన్ చేసెటోళ్ళు గట్ల ఉండరు."

వాడు తెలివితక్కువవాడు కాడు. పన్నెండు ప్రోగ్రాములూ సెమికోలన్లతో సహా అప్పజెప్పగలడు. కానీ పది అనే అంకె ఆ ప్రోగ్రాములో ఏం చేస్తోందో వాడినెవరూ అడగలేదు. అడగడం మా పాఠ్యప్రణాళికలో లేదు.

అందుకని నేనొక ప్రతిపాదన రాసుకుని వెళ్ళాను. సిలబస్ విశ్వవిద్యాలయానిది, దాన్ని ముట్టుకోలేం. పన్నెండు ప్రోగ్రాములూ అలాగే ఉంటాయి. మారేది చెప్పే పద్ధతి ఒక్కటే. విద్యార్థి చేతికి పనిచేసే ప్రోగ్రామే ఇస్తాం. అది తెర మీద ఏం చూపిస్తుందో నడపకముందే అతను చెప్పాలి. తరవాత నడపాలి. చెప్పింది తప్పితే ఎందుకు తప్పిందో చూడాలి. ఆ తరవాత ప్రోగ్రాములో ఏదో ఒకటి మార్చాలి. ఇదంతా తెలుగులో జరగాలి, ఎందుకంటే మా పిల్లల్లో సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియం.

విభాగాధిపతిగారిది కాకినాడ వైపు. ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్ మెషీన్లు చెప్పి రిటైరై, ఈ కొత్త కాలేజీకి వచ్చారు. నేను చదవడం అయ్యేదాకా ఓపిగ్గా విని, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకున్నారు.

"మీ పద్ధతి మీద నాకేం కోపం లేదు మాస్టారూ. కానీ మాన్యువల్ అనేది చేతికర్రండి. కర్ర లాక్కుని నడవమంటే పడతారు."

"ఇప్పుడు కర్ర ఒక్కటే నడుస్తోంది సార్, మనిషి నడవట్లేదు."

సీనియర్ లెక్చరర్లలో ఒకాయన నవ్వి మిక్స్చర్ నా వైపు జరిపాడు. విభాగాధిపతిగారు నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూపించారు. మా కాలేజీ లింగంపల్లి స్టేషన్‌కి ఇవతల కిరాయికి తీసుకున్న మూడంతస్తుల భవనం. అక్కణ్ణుంచి చూస్తే బండరాళ్ళ అవతల కొత్త ఆఫీసుల మేడ కనిపించేది. రాయదుర్గం వైపు బండలు పేల్చినప్పుడల్లా మా అద్దాలు గలగలమనేవి.

"అదిగో, అందులో ఉద్యోగాలకే కదండీ వీళ్ళని తల్లిదండ్రులు పంపింది. ఇంగ్లీషు ముక్క రాకుండా తెలుగులో చెబితే అక్కడి గుమ్మం ఎవరు దాటనిస్తారు?"

"అర్థమైంది ఇంగ్లీషులో చెప్పుకోవచ్చు సార్. అర్థం కానిది ఏ భాషలో చెబుతారు?"

దానికి ఆయన ఒక షరతు చెప్పారు. ల్యాబ్‌కి రెండు బ్యాచ్‌లు, ఒక్కోదాంట్లో పద్ధెనిమిది మంది. తెలుగు మీడియం వాళ్ళు ఎక్కువున్న రెండో బ్యాచ్ నాకిస్తారు. మొదటిది పాత పద్ధతిలోనే సాగుతుంది. దసరా సెలవుల ముందు ఇంటర్నల్ పరీక్ష. చీటీలు ఉంటాయి, మాన్యువల్లోని ప్రోగ్రామే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నలో నా బ్యాచ్ అవతలి బ్యాచ్‌కి ఒక్కరైనా తగ్గకూడదు. తగ్గితే సెలవుల తరవాత అందరికీ మాన్యువలే, నాకు ల్యాబ్ బదులు ఇంజనీరింగ్ డ్రాయింగ్ గంటలు. తగ్గకపోతే రెండు బ్యాచ్‌లకీ నా పద్ధతే. ప్రోగ్రామును మార్చమనే రెండో ప్రశ్న కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. ఉండనివ్వండి, కానీ నేను మొదటిదే లెక్కపెడతాను, అన్నారాయన.

అలా మొదలైంది. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. "ఇది ఏం చూపిస్తుంది?" అంటే అందరూ తెర వైపు చూసేవాళ్ళు, తెర ఖాళీగా ఉండేది. రెండో వారం సదాశివపేట నుంచి వచ్చే అమ్మాయి ఒకామె, "సార్, తప్పు చెప్తే ఏమంటరు?" అని అడిగింది. ఏమీ అనను, తప్పు చెప్పినవాళ్ళ దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను అన్నాను. "అట్లైతే నా దగ్గర్నే కూసుంటరు" అంది. గది నవ్వింది. ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టారు.

నా క్లాసుకి వాళ్ళు పెట్టుకున్న పేరు చిలక జోస్యం. "ఇయ్యాల జోస్యం ఉన్నదారా?" అని కారిడార్‌లో అరుచుకునేవాళ్ళు. విభాగాధిపతిగారు విని, "మొన్నటిదాకా చిలక పలుకులు, ఇప్పుడు చిలక జోస్యం. చిలక మాత్రం మారలేదండి" అన్నారు.

మాటలు వాళ్ళే తయారుచేశారు. అంకె దాచుకునే చోటు డబ్బా. ఒకే పనిని తిప్పి తిప్పి చెయ్యడం చక్కర్. ఎన్ని చక్కర్లో ముందే తెలిస్తే ఒక రకం, అలిసేదాకా తిరిగేది ఇంకో రకం. నేను పుస్తకంలోంచి 'తెరవండి' అనే మాట తెచ్చాను. ఎవరూ వాడలేదు. ఫైలును ఓపెన్ చెయ్యడమే అన్నారు. ఇంగ్లీషు మాట తేలిగ్గా నోటికొస్తే దాన్ని ఆపడం నా పని కాదనుకున్నాను.

పరీక్ష తీసుకోవడానికి నేను పనికిరానని విభాగాధిపతిగారు ముందే తేల్చారు, ప్రతిపాదించినవాడే పరీక్షించకూడదు. ఆయన బంధువుల అమ్మాయి ఒకావిడ ఆ కొత్త మేడలో ప్రోగ్రామర్. నా వయసే ఉంటుంది, రాజమండ్రిలో చదువుకుంది. సెలవు పెట్టి వచ్చింది. మొదటి బ్యాచ్ పరీక్ష పొద్దున, మాది మధ్యాహ్నం. మధ్యలో భోజనాల దగ్గర ఆమె పని ఏమిటని అడిగాను.

"కొత్తగా రాయడం ఏమీ లేదండి. ఎప్పుడో ఎవరో రాసినవి చదవడం, సంవత్సరం రెండంకెల్లో ఉన్నచోట నాలుగంకెలు చెయ్యడం. రెండువేల సంవత్సరం వచ్చేలోగా అవన్నీ అయిపోవాలట."

అంటే మార్చడమే కదా అన్నాను ఉత్సాహంగా.

"మార్చడమే. నాకైతే విసుగండి" అంది ఆమె, పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుంటూ. నా పద్ధతికి మద్దతు దొరికిందనుకున్న ఆనందం అంతటితో సరి. తరవాత ఆమే అడిగింది: "మీ బ్యాచ్‌తో తెలుగులోనే మాట్లాడాలా?"

"మాట్లాడితే మంచిదండి."

పొద్దుటి బ్యాచ్‌లో మొదటి ప్రశ్న సరిగ్గా చేసినవాళ్ళు పద్నాలుగు మంది. విభాగాధిపతిగారు ఆ అంకె నాకు చెప్పి, ల్యాబ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నారు.

మధ్యాహ్నం పద్ధెనిమిది మందీ చీటీలు తీశారు. సదాశివపేట అమ్మాయికి ఏడోది వచ్చింది. "మంచిగైంది" అని చీటీ పక్కన పెట్టుకుంది. గంటన్నర పరీక్ష. నాకు లోపల తిరిగే హక్కు లేదు. గుమ్మం అవతల నిలబడి, అద్దంలోంచి వేళ్ళు కదలడం చూస్తున్నాను. పొద్దుటి బ్యాచ్ టైపు చేసిన తీరు వేరు. తల ఎత్తకుండా ఒకే ఊపులో కొట్టుకుపోయారు. వీళ్ళు కాస్త రాసి, పెదాలు కదిపి, మళ్ళీ రాస్తున్నారు. పద్నాలుగు మంది దొరుకుతారా అని లెక్కలు వేసుకుంటున్నాను.

సగం సమయం అయ్యాక ఆమె రెండో ప్రశ్న కాగితాలు పంచింది. పన్నెండు ప్రోగ్రాములకీ ప్రశ్న ఒకటే. మాన్యువల్ రాసినవాళ్ళకి పది అంటే ఇష్టం కాబోలు, ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట పది ఉండేది: పది అంకెలు, పది వరసలు, పది మంది మార్కులు. ఆ పదిని తీసేసి, ఎన్ని కావాలో వాడేవాణ్ణే అడిగేట్టు ప్రోగ్రామును మార్చాలి. కాగితాలు పంచాక ఆమె గది మధ్యలో నిలబడి, నేను కోరినట్టే, శుభ్రమైన తెలుగులో చెప్పింది:

"మొదటిది అయిపోయినవాళ్ళు దాన్ని తీసి, రెండోది మొదలుపెట్టండి."

తెలుగులో తియ్యడం అనే క్రియకి పని ఎక్కువ. తలుపు తీస్తాం, ఫొటో తీస్తాం, చీటీ తీస్తాం, తిన్న విస్తరి తీస్తాం. ఆమె ఉద్దేశం తలుపు. మొదటి ప్రోగ్రామును ఓపెన్ చేసి, దాన్నే ఇంకో పేరుతో సేవ్ చేసుకుని మార్పు మొదలుపెట్టమని. కానీ మా ల్యాబ్‌లో ఆ మాటకి ఒకటే అర్థం ఉండేది. హార్డ్ డిస్కులు చిన్నవి, తరవాతి బ్యాచ్‌కి చోటు చాలదు. అందుకని గంట అయ్యేసరికి ల్యాబ్ అసిస్టెంటు రోజూ ఒకటే పాట పాడేవాడు: "అయిపోయినోళ్ళు తియ్యిండ్రి, తీసి లేవుండ్రి." తియ్యడం అంటే డిస్కు మీంచి చెరిపెయ్యడం. పొద్దుటి బ్యాచ్‌తో ఆమె ఇంగ్లీషులో మాట్లాడింది, కనక పొద్దున ఏమీ జరగలేదు.

కాసేపటికి సదాశివపేట అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, తీసేసిన. ఇప్పుడు దేన్ని మార్చాలె?"

"నువ్వు రాసిందాన్నే అమ్మా."

"అది తీసేసిన గద."

"తీశావు కదా, మరి తెర మీద లేదేం?"

"తీసినంక ఎట్లుంటది మేడం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్షకురాలికి ముందు అర్థమైంది. గది చుట్టూ చూసి, "ఇంకెవరైనా మొదటిది చెరిపేశారా?" అని అడిగింది. మొత్తం ఏడు చేతులు లేచాయి; మిగతావాళ్ళకి మొదటిది ఇంకా పూర్తి కాలేదు. ఒక చెయ్యి సగం లేచి, "మీరే తియ్యమంటిరి గద" అంది.

విభాగాధిపతిగారు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళారు. నన్ను కూడా రమ్మన్నారు. చెరిపిన ఫైళ్ళను తిరిగి లేపే ఆదేశం ఒకటి ఉంది, ఒక్కో కంప్యూటర్ దగ్గర ప్రయత్నించొచ్చు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"లేచింది పరీక్షలో రాసిందో, పోయిన వారం రాసిందో ఎవరు చెబుతారు మాస్టారూ? రేపు మొదటి బ్యాచ్ వాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

"పొరపాటు నా మాటదండి. వాళ్ళకి మొదటి ప్రశ్న మార్కులు వేసెయ్యండి" అంది పరీక్షకురాలు.

"చూడని ప్రోగ్రాముకి మార్కులెలా వేస్తానమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. పిల్లల వైపు తిరిగారు. "సమయం ఇంకా ఉంది. చెరిపినవాళ్ళు మళ్ళీ మొదటిది రాసుకోండి. రెండో ప్రశ్న వదిలెయ్యండి, దానికి మిమ్మల్ని ఏమీ అనం."

నా లెక్కకి అది మేలే; ఆయన చూసేది మొదటిదే. కానీ ఆ అమ్మాయి కూర్చోలేదు.

"సార్, రెండోదే రాస్తే? అండ్ల మొదటిది ఉన్నట్టే గద. పది కావాలంటే పది అని చెప్తే అయిపాయె."

"మొదటి ప్రశ్న మొదటి ప్రశ్నేనమ్మా."

"ఒక్కదాన్నే రెండుసార్లు రాసుడెందుకు సార్, చేతులు నొస్తయి."

రాసుకోమని చేత్తో సైగ చేసి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చేశారు. నేను గుమ్మం అవతలికి వచ్చేశాను. ఏడుగురూ ఏం రాస్తున్నారో అద్దంలోంచి తెలియదు. ఆయన చెప్పినట్టు పాతది రాస్తే నా పద్ధతి గట్టెక్కవచ్చు. ఆ అమ్మాయి మాట వింటే, లెక్క ఆయన దయ మీద ఉంటుంది. లోపలికి వెళ్ళి పాతదే రాయండని చెప్పాలనిపించింది. కానీ మూడు నెలలు నేను వాళ్ళకి చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కారిడార్‌లో నీళ్ళ కూజా దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

గంట కొట్టారు. పరీక్షకురాలు ముందు చెరపనివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. పదకొండు మందిలో తొమ్మిది మందికి మొదటి ప్రశ్న సరిగ్గా వచ్చింది. తరవాత ఆ ఏడుగురు. ఏడు కంప్యూటర్లలోనూ ఉన్నది ఒకటే ప్రోగ్రాము, మార్చినది. పాతది ఒక్కరూ రాయలేదు. ఆ అమ్మాయి వరసలో మొదటిది కనక మిగతావాళ్ళు ఆమె మాట పట్టుకున్నారు కాబోలు.

"మా ఆఫీసులో అయితే ఆఖరున ఉన్నదే ప్రోగ్రామండి, బాబాయ్‌గారూ. ముందుదాన్ని ఎవరూ అడగరు" అంది పరీక్షకురాలు.

"ఇది ఆఫీసు కాదు కదమ్మా." ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "సరే. ఇది మొదటి ప్రోగ్రాము చేసే పని చేస్తే, మొదటిది ఉన్నట్టు. చెయ్యకపోతే లేనట్టు. నేనే చూస్తాను."

సదాశివపేట అమ్మాయి కుర్చీలో ఆయన కూర్చున్నారు. ఎన్ని అంకెలని తెర అడిగింది. పది అని కొట్టారు. పది అంకెలు ఏం ఇవ్వాలా అని ఆలోచించి, లింగంపల్లి మీదుగా పోయే బస్సుల నంబర్లు మొదలుపెట్టారు, చాలక తన ఇంటి దగ్గరి బస్సులు కలిపారు. ఒక నంబరు కావాలనే రెండుసార్లు ఇచ్చారు. మీట నొక్కారు. బస్సులన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో నిలబడ్డాయి, రెండుసార్లు ఇచ్చింది పక్కపక్కనే. మళ్ళీ నడిపి, ఎన్ని అంకెలంటే సున్నా కొట్టారు. తెర మీద ఏమీ రాలేదు.

"ఏమీ రాలేదేం?"

"ఏం ఇయ్యకపోతే ఏమస్తది సార్?"

ఆయన మొదటిసారి నవ్వారు. లేచి పక్క కుర్చీలోకి మారారు.

తరవాతి అయిదుగురివి కూడా అలాగే నడిచాయి. ఆఖరుది ఒక జహీరాబాద్ కుర్రాడిది, అంకెల మొత్తం చెప్పే ప్రోగ్రాము. ఆయన చిన్న చిన్న అంకెలు పది ఇస్తే మొత్తం మైనస్‌లో వేలకు వేలు వచ్చింది.

"ఇదేమిటి నాయనా, ఏ లోకం లెక్క ఇది?"

కుర్రాడు తెర మీదికి వంగి చూసి, వేలితో ఒక వరస చూపించాడు. "డబ్బా ఖాళీ చెయ్యకుంట మొదలువెట్టిన సార్. లోపల పాత చెత్త ఉన్నది. ఇక్కడ సున్నా వెడితే అయిపోతది."

"పెట్టలేదు కదా మరి."

"పెట్టలేదు సార్."

ఏం తప్పో వాడే కనిపెట్టాడు కదా, సగమైనా ఇవ్వొచ్చేమోనని నేను నోరు తెరవబోయాను. విభాగాధిపతిగారు నా వైపు చూశారు. ప్రోగ్రాము నడవాలన్న షరతుకి నేను ఒప్పుకుని ఉన్నాను. కుర్రాడు మాత్రం ఆ సున్నా పెట్టి, మళ్ళీ నడిపి, సరైన మొత్తం చూసుకుని లేచాడు.

పిల్లలు వెళ్ళాక ల్యాబ్ అసిస్టెంటు కంప్యూటర్లు ఆపుతూ ఒక్కో వరసా దాటుతున్నాడు. పరీక్షకురాలు తన మాట వల్ల ఇంత గందరగోళం అయిందని మళ్ళీ క్షమాపణ చెప్పబోయింది. విభాగాధిపతిగారు వినిపించుకోకుండా సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళారు. చెరపనివాళ్ళ అంకె రాసి, దాని కింద చెరిపి మళ్ళీ రాసినవాళ్ళది రాసి, కూడారు. పక్కన పొద్దుటి అంకె రాశారు. సుద్ద చేతులు దులుపుకుని, సెలవుల తరవాత రెండు బ్యాచ్‌ల టైంటేబులూ నన్నే వెయ్యమన్నారు.

మొదటి ప్రశ్నలో అవతలి బ్యాచ్ పద్నాలుగు, మా బ్యాచ్ పదిహేను.